లోపలికి మడిచిన నాలుగంగుళాలు

వదులు బట్ట కనిపిస్తే టైలరుకు ఒళ్ళు మండుతుంది. అది ఎవరి ఒంటిమీదున్నా సరే. డెబ్భై ఆరేళ్ళొచ్చాయి, చేతులు కాస్త వణుకుతున్నాయి, సూదిలోకి దారం ఎక్కించాలంటే మూడుసార్లు గురిచూడాలి, ఆ మూడుసార్లూ తప్పంతా సూదిదే అన్నట్టు దాన్నే తిడతాడు. కానీ ఎదుటివాడి భుజం కుట్టు పావు అంగుళం కిందికి జారిందంటే మాత్రం హాలుకు ఆ చివరనుంచే కనిపెట్టేస్తాడు.

"ఏంటయ్యా ఆ చొక్కా? నువ్వు దాన్ని వేసుకున్నావా, అది నిన్ను వేసుకుందా? రేపు సంచిలో పెట్టి తీసుకురా!"

పెద్దవాళ్ళు పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం అయిదుకు ఇళ్ళకు వెళ్ళే డే కేర్ సెంటర్ అది. ఒక పొడుగాటి హాలు, ఇరవై కుర్చీలు, నడుం వాల్చడానికి రెండు మంచాలు, వెనక వంటగది, ముందు గేటు దాకా సిమెంటు బాట. రోజూ వచ్చేవాళ్ళు పద్నాలుగు మంది. చేరిన మొదటి వారం టైలరు ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ అలక చూడలేక సెంటర్ వాళ్ళు స్టోర్‌రూములో దుమ్ము కొట్టుకుపోతున్న కుట్టుమిషన్ తెచ్చి కిటికీ పక్కన పెట్టారు. కాళ్ళకు మంచి వ్యాయామం అన్నారు. అంతే, ఆ రోజునుంచి ఆయన్ని ఆ కిటికీ దగ్గరనుంచి కదిపినవాళ్ళు లేరు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే "ఈ కుట్టొక్కటీ అయిపోనీ" అంటాడు. ఆ ఒక్క కుట్టూ అయ్యేసరికి వంటగదిలో గిన్నెలు కడిగేసి ఉంటారు.

మిషన్ సొరుగులో ఒక నోటు పుస్తకం ఉంటుంది. మనిషికొక పేజీ. మెడ, ఛాతీ, నడుము, తేదీ. కొలత రాసుకోకుండా గుడ్డ ముట్టుకోకపోవడం ఆయనకు యాభై ఏళ్ళ అలవాటు. ఇంకో అలవాటు కూడా ఉంది. ఎంత వదులు బట్టయినా దానికి కత్తెర పెట్టడు. ఎక్కువున్న గుడ్డను లోపలికి మడిచి, పైకి గీత కూడా తెలియకుండా కుట్టేస్తాడు. ఆ కుట్టు కనిపెట్టమని అందరికీ సవాలు విసిరి, వాళ్ళు వెతుక్కుంటుంటే చూసి మురిసిపోతాడు. ఆ మురిపెంలో తప్పేమీ లేదు. తప్పంతా ఇంకోచోట ఉంది.

ఆయన దగ్గరికి అందరికంటే ఎక్కువగా వచ్చే గిరాకీ కండక్టరు. ముప్ఫై అయిదేళ్ళు బస్సుల్లో టిక్కెట్లు కొట్టిన మనిషి. ఏ పని మొదలుపెట్టినా "రైట్ రైట్!" అంటాడు, మాత్ర మింగే ముందు కూడా. హాల్లో నడిచేటప్పుడు వరసగా కుర్చీల వీపులు పట్టుకుంటూ నడుస్తాడు. కదిలే బస్సులో నడిచిన అలవాటు ఎక్కడికి పోతుంది అని అందరూ నవ్వుకునేవారు. టైలరూ ఆయనా ఒకరికొకరు ఏమీ కారు, ఒకే వీధి కూడా కాదు. కలిసిన రెండో వారానికే బావా అంటే బావా అనుకున్నారు, ఆ వరస అలాగే స్థిరపడిపోయింది.

"మళ్ళీనా బావా? పోయిన నెలేగా పట్టాను!" అన్నాడు టైలరు, సంచిలోంచి బయటికొచ్చిన మూడు ప్యాంట్లనూ చూసి.

"నీ కుట్టు బానే ఉంది. నా నడుమే మాట వినట్లేదు."

"ఎండిపోతున్నావేంటి?"

"ఎండిపోవడం కాదు, కుదురుకుంటున్నా. ఈ వయసులో పొట్ట లేని మగాడు ఈ హాల్లో ఇంకొకడుంటే చూపించు!"

టైలరు నవ్వి టేపు చుట్టాడు. ముప్ఫై నాలుగు. పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాడు. మధ్యాహ్నానికి మూడు ప్యాంట్లూ కండక్టరు నడుముకు అచ్చు గుద్దినట్టు తయారయ్యాయి. సాయంత్రం తండ్రిని తీసుకెళ్ళడానికి వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయి, "మా నాన్నని పెళ్ళికొడుకుని చేసేశారు బాబాయ్‌గారూ!" అంది. ఆ రాత్రి టైలరు సంతోషంగా నిద్రపోయాడు.

ఆ తర్వాతి సోమవారమే కొత్త నర్సు వచ్చింది. నవ్వుమొహం, చురుకైన కళ్ళు, చేతిలో అట్టకు బిగించిన కాగితాల కట్ట. పెద్దవాళ్ళలో ఎవరికి ఓపిక తగ్గుతోందో ముందే కనిపెట్టాలని ఆమె తాపత్రయం. పడిపోయాక పరుగెత్తడం కంటే పడకముందే చూసుకోవాలని వచ్చీరాగానే చెప్పింది. బరువు చూద్దామంటే తూకం మిషన్ పనిచేయడం లేదు. దాని ముల్లు ఏడాది కిందటే అరవై దగ్గర ఇరుక్కుపోయింది. లావుపాటి వంటావిడ ఎక్కినా అరవై, ఎవరూ ఎక్కకపోయినా అరవై. పాత నర్సు మారుమాట లేకుండా అందరి పేరు ఎదురుగా అరవై అని రాసిపెట్టి, హాయిగా రిటైరైపోయింది. ముల్లు ఎప్పుడు ఇరుక్కుందో, ఆ అరవైలు ఎలా వచ్చాయో కొత్తావిడకు ఎవరూ చెప్పలేదు. మిషన్ని బాగుచేయడానికి పంపించి, ఆమె కాగితం మీది ప్రశ్నలతో మొదలుపెట్టింది.

"ఈమధ్య మీ బట్టలు వదులయ్యాయా బాబాయ్‌గారూ?"

కండక్టరు లేచి నిలబడి, నడుంపట్టీలోకి వేలు దూర్చబోయాడు. దూరలేదు. "చూడు సిస్టరమ్మా! చీమ కూడా దూరదు."

రెండోవాడూ అంతే. మూడో ఆవిడ జాకెట్టు చెయ్యి పట్టుకు చూపించింది, సరిగ్గా అతికినట్టుంది. పద్నాలుగు మందినీ అడిగింది, పద్నాలుగు మందీ లేదన్నారు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. నర్సు సంబరపడిపోయింది. "ఇంత ఆరోగ్యంగా ఉన్న సెంటర్ నేనెక్కడా చూడలేదు!" కిటికీ దగ్గర టైలరు ఆ పొగడ్త సగం తనదే అనుకుని, మిషన్ చక్రాన్ని ఒకసారి ఊరికే తిప్పాడు.

తర్వాత కుర్చీ పరీక్ష. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఆసరా లేకుండా అయిదుసార్లు లేచి కూర్చోవాలి. కండక్టరు "రైట్ రైట్!" అని లేచాడు. రెండోసారి లేవడానికి గట్టిగా ఊపిరి తీశాడు. మూడోసారి సగంలో ఆగి, రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని కూలబడ్డాడు. నవ్వబోయాడు గానీ ఆ నవ్వును ఎవరూ అందుకోలేదు. అప్పుడు టైలరుకు ఒకటి తట్టింది. కుర్చీల వీపులు పట్టుకుని నడవడం అలవాటు కాదు, అవసరం. ఆర్నెల్లుగా అందరి ఎదుటే జరుగుతున్నా, నవ్వులో పడి ఎవరూ గమనించలేదు.

సెంటర్లో ఒక నియమం ఉంది. కుర్చీలోంచి సొంతంగా లేచి గేటు దాకా నడవలేని మనిషిని తీసుకోరు. ఎత్తి దించడానికి అక్కడ మనుషులు లేరు. నర్సు ఆ నియమం రాసిన మనిషి కాదు, అయినా దాన్ని చెప్పాల్సింది తనే.

"రెండు నెలలు టైమిస్తారు బాబాయ్‌గారూ. మళ్ళీ చూస్తాను. అప్పుడు కూడా లేవలేకపోతే ఇంట్లోనే మనిషిని పెట్టుకోమంటారు."

ఆ మధ్యాహ్నం కండక్టరు కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అమ్మాయి పొద్దున తొమ్మిదింటికి పోతే సాయంత్రం అయిదింటికి వస్తుంది. ఇంట్లో నాతో మాట్లాడేది ఫ్రిజ్జొక్కటే బావా. అది కూడా గంటకోసారి గుర్రుమని ఊరుకుంటుంది." మెల్లగా అన్నాడు, "నన్నిక్కణ్ణుంచి పంపించేస్తే నేను బతకను."

టైలరు సూదిలోకి దారం ఎక్కించబోయాడు. "చూద్దాంలే" అన్నాడు. అంతకంటే చేతకాని మాట ఆయన జీవితంలో అనలేదు.

రెండు వారాలు కూతురు సెలవులు పెట్టి తండ్రిని ఆస్పత్రి చుట్టూ తిప్పింది. రక్తం తీశారు, గుండెకు తీగలు తగిలించారు, కళ్ళలోకి లైటేశారు. అన్నీ బాగున్నాయన్నారు. బరువు యాభై తొమ్మిది. సెంటర్ రికార్డులో అరవై. ఒక్క కిలో ఎవరైనా తగ్గుతారు కదా అనుకున్నారు. నర్సు ఆ కాగితాలన్నీ పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చి, తనలో తను అనుకుంటున్నట్టే అంది:

"మనిషి చిక్కిపోయుంటే ఇదంతా అర్థమయ్యేది బాబాయ్‌గారూ. తిండి ఒంటపట్టకపోతే ముందు కండ కరుగుతుంది, తర్వాత కాళ్ళలో బలం పోతుంది. కానీ ఈయన బట్టలు కూడా వదులవలేదు కదా!"

టైలరు కాలు తొక్కుడుబల్ల మీదే ఆగిపోయింది. నర్సు వెళ్ళిపోయాక సొరుగు తెరిచి పుస్తకం తీశాడు. కండక్టరు పేజీ. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఏడు. ముప్ఫై అయిదున్నర. ముప్ఫై నాలుగు. అయిదు నెలల్లో నాలుగంగుళాలు. ప్రతి అంకె పక్కనా తన చేత్తో వేసిన తేదీ. మనిషి కళ్ళముందు కరిగిపోతుంటే, ఆ కరిగిపోవడం ఎవరికీ కనిపించకుండా నీటుగా లోపలికి మడిచి కుట్టింది ఎవరు? గీత కూడా తెలియకుండా కుట్టింది ఎవరు? కన్నకూతురు చూసి పెళ్ళికొడుకంటూ మురిసిపోయిందంటే, అది ఎవరి పనితనం? యాభై ఏళ్ళ వృత్తిలో చొక్కా చంక తప్పు కుట్టాడు, ప్యాంటు కాలు పొట్టి చేశాడు, గిరాకీలతో తిట్లు తిన్నాడు. ఇంతలా పప్పులో కాలేయడం ఇదే మొదలు.

మర్నాడు కండక్టరు తనంతట తనే వచ్చాడు, ఒక ప్యాంటు చంకన పెట్టుకుని. గొంతు తగ్గించి, "ఇంకో అర అంగుళం పట్టు బావా. జారిపోతోంది. ఆ పిల్ల కంటపడిందంటే నా పని అయిపోయినట్టే" అన్నాడు.

"నువ్వేమైనా తింటున్నావా అసలు?"

"శుభ్రంగా తింటున్నా. నా పళ్ళెం చూడు, రోజూ అద్దంలా ఉంటుంది."

పళ్ళెం అద్దంలా ఉండేమాట నిజమే. టైలరు ప్యాంటు తీసుకుని మిషన్ మీద తల వంచాడు. పావుగంట తర్వాత ఇచ్చి, "ఆ మంచాల పక్క తెర వెనక్కెళ్ళి ట్రయల్ చూసుకో" అన్నాడు. కండక్టరు వెళ్ళాడు. తర్వాత తెర విసురుగా పక్కకు జరిగింది. కండక్టరు రెండు గుప్పిళ్ళతో నడుం దగ్గర ప్యాంటును పట్టుకుని, కోపంగా బయటికొచ్చాడు.

"ఏంట్రా ఇది? ఎవరి ప్యాంటిచ్చావు నాకు? ఇందులో ఇంకొకడు పడతాడు!"

"నీదే. అన్ని మడతలూ విప్పేశాను." టైలరు ఊడదీసిన దారప్పోగులు చూపించాడు. "ఆ పట్టే ఇంకొకడు కూడా నువ్వే బావా. అయిదు నెలల కిందటి నువ్వు."

అవతల మాత్రలు లెక్కపెడుతున్న నర్సు తలెత్తి చూసింది. కండక్టరు నడుముకూ, గుడ్డకూ మధ్య ఖాళీ చూసింది. టైలరు లేచి వెళ్ళి నోటు పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు.

"తప్పంతా నాదే సిస్టరమ్మా. నేను దాచేశాను. దాస్తున్నానని నాకే తెలీదు. నన్ను నాలుగు తిట్టు."

ఆమె పేజీలు తిప్పింది. తిప్పుతున్నకొద్దీ కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత గబగబా సెంటర్ రికార్డు తెరిచింది. అరవై, అరవై, అరవై. వంటావిడ నవ్వాపుకోలేక ముల్లు సంగతి చెప్పేసింది.

"తిట్టడానికి టైం లేదు బాబాయ్‌గారూ" అంది నర్సు. "ఇంకా ఎవరెవరివి మడిచారో చెప్పండి."

పద్నాలుగు మందిలో పదకొండు మందివి మడిచాడు. వాళ్ళలో నలుగురివి రెండంగుళాలు దాటాయి.

అసలు సంగతి ఆ సాయంత్రం కూతురి ముందు బయటపడింది. కండక్టరు కింది పళ్ళసెట్టు పోయి ఆర్నెల్లయింది. భోజనమయ్యాక కాగితంలో చుట్టిపెట్టి, ఆ కాగితాన్ని తనే చెత్తబుట్టలో పడేశాడు. అలా పోగొట్టడం అది రెండోసారి. మొదటిసారి కూతురు ఏమీ అనలేదు, అందుకే రెండోసారి చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇంట్లో టీలో ముంచిన బిస్కెట్లు, సెంటర్లో పక్కవాళ్ళకు పంచిపెట్టిన పళ్ళెం. అది విని వంటావిడ గరిట పట్టుకుని వచ్చింది.

"ఒక్క ముద్ద నమలకుండా రోజూ నా వంటని వహ్వా అని మెచ్చుకుంటాడా? ఏ మొహం పెట్టుకుని మెచ్చుకున్నావయ్యా?"

కూతురు మాత్రం తిట్టలేదు. తండ్రి పక్కన కూర్చుని, ఆ వదులు ప్యాంటు అంచు వేళ్ళతో నలుపుతూ, "పోతే పోయాయి నాన్నా, పళ్ళేగా. నువ్వు పోకుండా ఉంటే చాలు" అంది.

టైలరు మీద మాత్రం ఆయన అలిగాడు. వారం రోజులు హాలుకు ఆ చివర కూర్చున్నాడు, తాడుతో ప్యాంటు బిగించి కట్టుకుని. అటు చూసినప్పుడల్లా టైలరుకు కుట్టు తప్పేది. అలకకా, తాడుకా అంటే ఆయనే చెప్పలేడు. ఎనిమిదో రోజున కండక్టరు వచ్చి, ఎటో చూస్తూ మూడు ప్యాంట్లూ మిషన్ మీద పడేశాడు.

"ఈ తాడుతో నన్ను చూసి గేటు దగ్గర కుక్క కూడా నవ్వుతోంది. ఏదో ఒకటి చెయ్యి."

"కచ్చా కుట్టు వేస్తాను. దారం ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది. నీ పొట్ట తిరిగొచ్చేదాకానే."

"రైట్ రైట్" అన్నాడు కండక్టరు, మెత్తగా.

కొత్త పళ్ళసెట్టు వచ్చింది. వచ్చేదాకా వంటావిడ అన్నీ మెత్తగా మెదిపి, పాలూ గుడ్డూ కలిపి, ఎదురుగా నిలబడి తినిపించింది. రోజుకు రెండుసార్లు కుర్చీ వ్యాయామం పెట్టింది నర్సు. ఒకటి, రెండు అని అంకెలు చెబుతుంటే అందరూ ఆవలించారు. చూసి చూసి కండక్టరు వల్ల కాలేదు. "అలా కాదు సిస్టరమ్మా, తప్పుకో" అని తనే అందుకున్నాడు.

"ఆస్పత్రి స్టాపు! దిగాలి దిగాలి, లేవండి! ఆ వెనక పెద్దమ్మా, నిద్రపోతే స్టాపు దాటిపోద్ది! రైట్ రైట్, కూర్చోండి! స్కూలు స్టాపు! లేవండి!"

అందరూ పడీపడీ నవ్వుతూ లేచారు, కూర్చున్నారు. మొదటి వారం ఆ బస్సు రెండు స్టాపులకే ఆగిపోయింది. నాలుగో వారానికి ఎనిమిది స్టాపులు పోయింది. కండక్టరు మొదట్లో కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, తర్వాత ఒక చేత్తో, తర్వాత పట్టుకోవడం మర్చిపోయి.

రెండు నెలలు నిండిన రోజు కూతురు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కండక్టరు చేతులు ఛాతీ మీద కట్టుకున్నాడు. ఒకటి. రెండు. మూడు దగ్గర టైలరు టేపును గుప్పిట్లో నలిపేశాడు. నాలుగు. అయిదోసారి లేచేటప్పుడు కండక్టరు మోకాళ్ళు వణికాయి, మొహం ఎర్రబడింది. లేచాడు. నిటారుగా నిలబడి, వీధి చివరిదాకా వినిపించేలా అరిచాడు:

"రైట్ రైట్!"

చప్పట్లు ఆగేదాకా కూర్చోలేదు. కూతురు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. టైలరు నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత బావ నడుముకు టేపు చుట్టి, ముప్ఫై అయిదున్నర అని రాసి, కచ్చా దారం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. మడత ఒకటి విచ్చుకుంది. కుట్టడంలో లేని సుఖం కుట్టు విప్పడంలో ఉందని ఆయనకు ఆ వయసులో తెలిసింది.

ఇప్పుడు నెలనెలా టేపు రోజు. నర్సు పేర్లు చదువుతుంది, టైలరు కొలుస్తాడు. మొదటి టేపు రోజున పద్నాలుగు పేజీల కోసం పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పి ఆమె ఆగింది.

"పదమూడే ఉన్నాయి. మీ పేజీ ఏది బాబాయ్‌గారూ?"

"నాదెందుకమ్మా! నా బట్టలు చూశావుగా, ఎక్కడైనా ముడత ఉందా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే ఎలాగో అనిపించింది. కండక్టరు లేచాడు, దేన్నీ పట్టుకోకుండా నడిచొచ్చాడు, టైలరు మెడలోంచి టేపు లాక్కున్నాడు. "చేతులెత్తు." చొక్కా పైకి తీసి, నడుంపట్టీ లోపలికి రెండు వేళ్ళు పోనిచ్చి తడిమాడు. ఒక మడత. దాని కింద ఇంకోటి. దాని కింద మూడోది.

"ఎప్పట్నుంచి బావా?"

టైలరు కిటికీ వైపు చూశాడు. "గుర్తులేదు. జారుతుంటే పట్టుకుంటూ పోయాను."

కండక్టరు తిట్టలేదు. నడుము కొలిచి, వంకరటింకర అక్షరాలతో పుస్తకంలో కొత్త పేజీ మీద 'బావ' అని రాసి, కింద అంకె వేసి, తేదీ వేశాడు. అప్పుడే వంటగదిలోంచి భోజనాల పిలుపు వచ్చింది. "ఈ కుట్టొక్కటీ" అని టైలరు అనబోయేలోపే చెయ్యి పట్టుకుని లేపాడు. "జరగండి జరగండి! లోపలికి జరగండి! ఇక్కడొక పెద్దమనిషికి సీటు కావాలి!" బల్ల మధ్యలో, వంటావిడ గరిటకు సరిగ్గా ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆ మధ్యాహ్నం టైలరు వేడి భోజనం తిన్నాడు. ఎన్నాళ్ళకు తిన్నాడో ఆయనకే లెక్కలేదు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి గేటు దగ్గర ఆటో ఆగింది. వదులు బట్ట కనిపిస్తే ఒళ్ళు మండే మనిషి, బస్తాలాంటి ప్యాంటును ఒక చేత్తో పైకి పట్టుకుని మెల్లగా దిగాడు. గుమ్మంలో కండక్టరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నావు బావా?" అన్నాడు టైలరు, కాస్త సిగ్గుపడుతూ. "రాత్రి కూర్చుని మూడు మడతలూ విప్పేశాను. నిండాలంటే ముందు చోటుండాలి కదా. పద, ఇవాళ టిఫినేంటో కనుక్కుందాం."